తండ్రి సైగ, కూతురి మాట

‘సౌండ్ అండ్ ఫ్యూరీ’ డాక్యుమెంటరీని జాష్ ఆరన్సన్ 2000లో తీశారు. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని ఆర్టీనియన్ కుటుంబపు కథ. బధిరుడైన పీటర్ కూతురు, చిన్నారి హెదర్ కాక్లియర్ ఇంప్లాంట్ కావాలంటుంది. సైగల భాష పోతుందని, పిల్ల పరాయిదవుతుందని తండ్రి భయం. వినగలిగిన సోదరుడు క్రిస్ మాత్రం చెవుడుతో పుట్టిన తన కొడుక్కి ఆపరేషన్ చేయించాడు. వినికిడి గల తల్లితో పీటర్ సైగల్లో తగాదా పడే ఘట్టం చదువరులు తప్పక చూడాలి. చేతులు కూడా కేకలు వేయగలవు!

పీటర్‌ను మూర్ఖుడని తోసివేయడం మాకు సాధ్యం కాలేదు. చెరకు తోటలకు వచ్చిన మన తాతల తెలుగు క్రియోల్‌లో కలిసిపోయింది. మేము సాయంకాలపు తరగతుల్లో ‘అ ఆ’లు దిద్దుకున్నవాళ్లమే. అయినా ఒక తేడా ఉంది. క్రియోల్ విన్న చెవి ఉంది గనుక మనకు పెద్దయ్యాకైనా తెలుగు పట్టుబడింది. పుట్టు చెవుడు గల బిడ్డకు ఇంప్లాంట్ తొలి ఏళ్లలో పెడితేనే నోటి మాట బాగా వస్తుంది. ఆ గడువు సంగతి చిత్రం ఇంకా గట్టిగా చెప్పవలసింది.

మరో లోపం, వాదాలే ఎక్కువ. ఇంప్లాంట్ పెట్టిన నాడే మాటలు రావు. యంత్రాన్ని పదేపదే సరిచేయించాలి, వినబడిన చప్పుడును మాటగా పోల్చుకోవడం రోజూ సాధన చేయించాలి. తల్లుల అసలు కష్టం అదే. కెమెరా అక్కడ చాలినంత సేపు నిలవలేదు.

2006లో వచ్చిన తరువాయి చిత్రంలో హెదర్‌కు ఇంప్లాంట్ ఉంది. పీటర్ ఇంట్లో సైగలూ ఉన్నాయి.