పొద్దున వేస్తే రాత్రికి చిలి

చిలి అనే మాంసం కూరలో రాజ్‌మా వేశామంటే టెక్సాస్‌ వాళ్లు మొహం చిట్లిస్తారు. గొడ్డుమాంసం, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి ఉంటే చాలు, మిగతాదంతా కలగూరగంప అంటారు. 1977లో చిలిని రాష్ట్ర వంటకంగా కూడా ప్రకటించుకున్నారు. నాకు మాత్రం ఈ పట్టుదల కాస్త అతిగానే తోస్తుంది. 19వ శతాబ్దం చివర్లో టెక్సాస్‌లోని శాన్‌ ఆంటోనియో మిలిటరీ ప్లాజాలో చీకటి పడేసరికి దీపాలు పెట్టుకుని మెక్సికన్‌ ఆడవాళ్లు అమ్మిన బజారు వంట అది. చౌక తిండి. దానికి మడి కట్టడమేమిటి? ఇవాళ అమెరికా ఇళ్లలో అల్మరా తెరిచి, కనబడిన డబ్బాలు దింపి, స్లో కుక్కర్‌లో వేసే చిలిదే అసలు వారసత్వం.

ఆ కుక్కర్‌కీ ఓ కథ ఉంది. లిథువేనియాలో యూదులు శుక్రవారం సాయంత్రం చోలెంట్‌ అనే కూర కుండను ఊరి రొట్టెల పొయ్యిలో పెట్టి, విశ్రాంతి దినమైన శనివారం తీసి తినేవారు. తల్లి నోట ఆ సంగతి విన్న ఇర్వింగ్‌ నాక్సన్‌ అనే అమెరికన్‌ కరెంటుతో నడిచే కుండ తయారుచేసి 1940లో పేటెంటు పొందాడు. 1970లో రైవల్‌ కంపెనీ అతని వ్యాపారాన్ని కొని, మరుసటి ఏడాది క్రాక్‌పాట్‌ పేరుతో బజారులోకి తెచ్చింది.

ఇక వంట. నలుగురికి అరకిలో కీమా, ఒక పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక డబ్బా టమాటాలు, రెండు డబ్బాల ఉడికిన రాజ్‌మా. కీమా బదులు ముక్కలైతే కండకు నరం, జిగురు ఉన్నవే తీసుకోండి. సన్నటి వేడికి ఆ జిగురే కరిగి పులుసు చిక్కబడుతుంది. మెత్తటి ఖరీదైన ముక్క పీచుపీచుగా ఎండిపోతుంది. ఏదైనా సరే, ముందు మూకుట్లో ఎర్రగా వేయించాలి. కుక్కర్‌ వేడికి మాంసం ఉడుకుతుందే గానీ వేగదు. ఈ పది నిమిషాలకు బద్ధకిస్తే రాత్రికి ఉడకబెట్టిన కూరే తింటారు.

వేగిన మాంసంతో పాటు మిగతావన్నీ కుక్కర్‌లో వేసేయండి. నీళ్ల దగ్గరే మనవాళ్లు పొరబడతారు. మూత పెట్టిన కుండలోంచి ఆవిరి పోదు కాబట్టి టమాటా రసం చాలు, మరీ గట్టిగా ఉంటే అరగ్లాసు పోయండి. అమెరికా చిలి పౌడర్‌ మన కారం కాదు, ఘాటు తక్కువ మిరపకు జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కలిపిన పొడి. వాళ్ల వంటల్లో రెండు చెంచాలన్నారని గుంటూరు కారం రెండు చెంచాలు వేసేరు! ఒక చెంచా కారం, చెంచాన్నర జీలకర్ర పొడి, పిజ్జాతో వచ్చి డ్రాయరులో పడున్న ఒరెగానో పొట్లం సరిపోతాయి. సన్నటి సెగ మీద ఎనిమిది గంటలు, పెద్ద సెగ మీద నాలుగు. మధ్యలో మూత తీసి చూడకండి, పోయిన వేడి మళ్లీ రావడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. దింపే ముందు నిమ్మరసం, చిటికెడు జీలకర్ర పొడి వేస్తే ఉడికి చచ్చిన మసాలా వాసన మళ్లీ లేచొస్తుంది.

శాకాహారులు మాంసం మానేసి రాజ్‌మా, మొక్కజొన్న గింజలు, క్యాప్సికం వేసుకోవచ్చు. కానీ పచ్చి రాజ్‌మా నేరుగా కుక్కర్‌లో వేయకూడదు. అందులోని లెక్టిన్‌ అనే విషం సన్నటి వేడికి చావదు, వాంతులు పట్టుకుంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీద అరగంట తెర్లనిచ్చి, మెత్తబడ్డాకే వేయండి. టమాటా పులుపు తగిలాక గింజ ఇక సరిగా ఉడకదు.

మిగిలిన చిలిని రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలవుంటుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు మాత్రం స్లో కుక్కర్‌ జోలికి పోకండి, పొయ్యి మీదే మరగనివ్వండి.