కొలిమికి ముందు చెయ్యి

తుక్కు ఇనుము ప్రస్తావన వస్తే అందరి చూపూ కొలిమి మీదకే పోతుంది. టీవీలో చూపించేది కూడా ఎర్రగా మరిగే ఇనుమూ, ఎగిరే నిప్పురవ్వలే. నాకు మాత్రం ఈ పనిలోని అసలు విద్య అక్కడ లేదనిపిస్తుంది. పాత సామాన్ల కొట్టు వెనకాల గోనెపట్టా పరుచుకుని, ముందు ఓ సుత్తీ ఆకురాయీ పెట్టుకుని కూర్చున్న మనిషి చేతుల్లో ఉంది.

బెజవాడలో మా పేటకు దగ్గర్లో అలాంటి కొట్టు ఒకటుంది. రిక్షా బండి మీద వీధివీధీ తిరిగి పాత సామాన్లు కొనేవాళ్లూ, ఉల్లిపాయలిచ్చి చిల్లుపడ్డ బిందెలు పట్టుకెళ్లేవాళ్లూ పొద్దువాలేసరికి అక్కడికే చేరి కాటా వేయించుకుంటారు. తీరిక దొరికినప్పుడల్లా వెళ్లి ఆ పని చూస్తూ కూర్చోవడం నాకిష్టం. అక్కడ తుక్కు ఏరే పెద్దావిడ పాత సీలింగ్ ఫ్యాన్ విప్పుతుంటే చూడాలి. ముందు రెక్కలు ఊడదీసి, పాడైన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతానికి చూపిస్తుంది. అంటుకుంటే ఇనుము గుట్టలోకి, లేకపోతే అల్యూమినియం గుట్టలోకి. గొట్టం ఇనుము. మోటారు మూతలు పోత అల్యూమినియం. బేరింగులు గట్టి ఉక్కు, వాటికి వేరే డబ్బా. చివరికి మిగిలేది పల్చటి ఇనుప రేకుల దొంతరా, దాని గాళ్లలో బిగించి చుట్టిన తీగా. ఆ తీగ దగ్గర ఆవిడ చెయ్యి ఆగుతుంది. చాకు మొనతో చిన్నగా గీకి, వెలుతురులో పెట్టి చూస్తుంది.

"రాగేగా మామ్మా? రంగు కనబడుతూనే ఉందిగా" అన్నాను ఒకసారి.

"పైన వార్నిషు రంగు బాబూ అది. గీకితే ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా ఉంటే సిల్వరు. గీకకుండా కొన్నామా, ఆ పూట కూలి పోయినట్టే" అంది.

ఆవిడ సిల్వరు అన్నది అల్యూమినియాన్ని. రాగితో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. అంత తేడానీ చాకు మొన తేల్చేస్తుంది. కుళాయి మెరుపు పూత కింద ఇత్తడి ఉందో జింకు పోత ఉందో ఆకురాయి చెబుతుంది. బీడు ముక్కయితే సుత్తి దెబ్బకి వంగదు, పుటుక్కున విరిగి లోపల బూడిదరంగు గరుకు చూపిస్తుంది. స్టీలు సామాను దగ్గర అయస్కాంతం ఒక్కటే చాలదు. నికెల్ బాగా ఉండే 304 రకానికి అది దాదాపు అంటుకోదు. నికెల్ తక్కువుండే 200 శ్రేణి స్టీలుకీ అంటుకోదు. ఈ రెంటినీ వేరుచేయాలంటే మెరుపు, గ్రైండర్ కింద రవ్వలు ఎగిరే తీరు, రెండూ తెలిసుండాలి. ఇవేవీ ఆవిడ బళ్లో నేర్చుకోలేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు.

ఈ ఏరడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కొలిమి దాకా వెళ్లాలి. విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి చోట ఖనిజం నుంచి ఇనుము తీసి, కన్వర్టర్లో ఆక్సిజన్ ఊది, సున్నం కలిపి మలినాలను తొలగిస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల కొత్తూరు లాంటి పారిశ్రామికవాడల్లో తుక్కుతో ఇంటి కడ్డీలు చేసేవి ఎక్కువగా ఇండక్షన్ కొలిములు. ఇండక్షన్ కొలిమి బాగా కరిగిస్తుంది గానీ పెద్దగా శుద్ధి చేయదు. లోపల ఏం వేస్తే దాదాపు అదే బయటికొస్తుంది. ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం 500డి రకం కడ్డీలో గంధకం, భాస్వరం ఒక్కోటీ 0.040 శాతం దాటకూడదు. ఆ లెక్క కుదరాలంటే తుక్కు గుట్ట దగ్గరే జాగ్రత్త పడాలి.

రాగి సంగతి ఇంకా కష్టం. ఉక్కులో ఒకసారి కలిసిన రాగిని మామూలు పద్ధతుల్లో ఏ కొలిమీ బయటికి తీయలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఇంకాస్త పప్పు ఉడికించి కలపడమే గతి. అలాగే ఖనిజం నుంచి తీసిన స్పాంజి ఐరన్ కలిపి ఆ రాగిని పలచన చేస్తారు. అలా చేయకపోతే, ఎర్రగా కాల్చిన దిమ్మెను రోలర్ల మధ్య సాగదీసేటప్పుడు పైపొరలోని ఇనుము పొట్టుగా రాలిపోయి రాగి మిగులుతుంది. 1,085 డిగ్రీలకే అది కరిగి ఉక్కు రేణువుల సందుల్లోకి జారుతుంది, పగుళ్లు మొదలవుతాయి. రేకుల దొంతరలోంచి తీగను చివరి పోగు దాకా లాగే ఆవిడ ఓపిక ఎవరి ఇంటి శ్లాబునో కాపాడుతోందన్న మాట.

ప్రాణాలు కూడా ఈ ఏరడం మీదే ఆధారపడ్డాయి. మూత బిగిసిన డబ్బాలో నీళ్లో, షాక్ అబ్జార్బర్లో నూనో కాస్త మిగిలి కొలిమిలో పడితే ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది, కరిగిన ఇనుము మనుషుల మీదకి చిమ్ముతుంది. 2010 ఏప్రిల్లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో జరిగింది అంతకంటే దారుణం. ప్రయోగశాలలో వాడి పక్కన పడేసిన పాత యంత్రం ఒకటి వేలంలో తుక్కుగా అక్కడికి చేరింది. లోపల కోబాల్ట్-60 ఉందని విప్పినవాళ్లకు ఎవరూ చెప్పలేదు. రేడియేషన్ సోకి ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. పారేసేవాడు చెప్పకపోతే ఏరేవాడి నేర్పు కూడా రక్షించలేదు.

ఇంత శ్రమకు దక్కే ఫలితం మాత్రం చిన్నది కాదు. ఒక టన్ను తుక్కు ఉక్కును తిరిగి కరిగిస్తే 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు మిగులుతాయని ప్రపంచ ఉక్కు సంఘం లెక్క. అల్యూమినియానికైతే ఖనిజం నుంచి తీయడానికి అయ్యే శక్తిలో 95 శాతం దాకా ఆదా. ఈ లాభం చూసే ప్రభుత్వం 2019లో ఉక్కు తుక్కు విధానం, 2021లో కాలం చెల్లిన వాహనాల విధానం తెచ్చింది. రిజిస్టరైన కేంద్రాల్లోనే పాత బండ్లు విప్పాలంటున్నారు. మంచిదే. ఆ కేంద్రాల్లో క్రేన్లు, కోత యంత్రాలు పెట్టేటప్పుడు, ఇన్నేళ్లుగా ఆటోనగర్‌లలో పాత లారీలు విప్పుతున్న చేతులకు ముందుగా ఉద్యోగాలివ్వాలి. పనిలో పరీక్షించి నైపుణ్య ధ్రువపత్రం ఇస్తే, ఆ మామ్మ లాంటివాళ్లు చదువుకున్న కుర్రాళ్లకే పాఠం చెప్పగలరు.

మనవంతుగా చేయాల్సినవీ ఉన్నాయి. బ్యాటరీలు, ట్యూబులైట్లు ఇనుప సామాన్లలో కలిపేయకుండా విడిగా చెప్పి ఇవ్వాలి. సీసా పెంకులు, బ్లేళ్లు కాగితంలో చుట్టి ఇవ్వాలి. రాగి కోసం వైర్లు తగలబెట్టడం చూస్తే ఆపాలి. ఆ పొగలో డయాక్సిన్లుంటాయి, కాలి నల్లబడ్డ తీగకు ఒలిచిన తీగ ధర రాదు కూడా. ఒలిచే మిషన్ ఒకటి కొట్టుకు అప్పు మీద ఇప్పిస్తే చాలు, ఊపిరితిత్తులూ మిగులుతాయి, రేటూ పెరుగుతుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు, కూర్చోవడానికి నీడ ఇవ్వడం ఏ మున్సిపాలిటీకీ మోయలేని భారం కాదు.

మంచి ఉక్కు కావాలని కోరుకునేవాళ్లందరూ ముందుగా ఖర్చు పెట్టాల్సింది ఈ చేతుల మీదే.