కాంటాకు ముందు, కాంటా తర్వాత

ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో పత్తి సీజన్ మొదలైతే మాటలన్నీ తేమ మీదే. భారత పత్తి సంస్థ (సీసీఐ) లెక్కలో 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, అది దాటితే కోత, 12 మించితే కొనరు. పొద్దున మంచుకు తడిసిన పత్తికి, ఎండెక్కాక అదే పత్తికి మీటరు ఒకే అంకె చూపదు. ఎప్పుడు ఏరాలి, ఎంతసేపు ఆరబోయాలి, బండి ఏ వేళకు కాంటా ఎక్కాలి అన్నవే రైతు చేతికొచ్చే ధరను తేలుస్తాయి. ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ అని బిజినెస్ స్కూళ్లలో నేర్పేది ఈ పనుల వరుసనే.

ఆ వరుసను దశాబ్దాలుగా చెదరనివ్వని ఊరు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ముల్కనూర్. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సొసైటీ పుట్టింది. అప్పిచ్చేది, ఎరువులిచ్చేది, పంట కొనేది ఒక్కరే. సభ్యుల వడ్లు సొసైటీ రైస్ మిల్లుకు, పత్తి సొసైటీ జిన్నింగుకు చేరతాయి. బాకీ పంట డబ్బులోంచే జమ అవుతుంది. అప్పు ఒకచోట, అమ్మకం మరోచోట అయితే మధ్యలో గడిచే ప్రతి వారం వడ్డీ రైతుదే. ఆ వారాలను తగ్గించడమే ముల్కనూర్ బలం. వడ్డీ రేటులో ఎంత రాయితీ ఇచ్చినా దానికి సాటి రాదు.

టొయోటా ఇంజనీరు తైచీ ఓనో ఫ్యాక్టరీలో ఏడు రకాల వృథాలను గుర్తించాడు. వాటిలో ఎదురుచూపు ఒకటి. ముల్కనూర్ తగ్గించిన ఆ వారాలూ అలాంటి ఎదురుచూపే.

పాల విషయంలో ఎదురుచూపుకు అసలు చోటే లేదు. ముల్కనూర్ ప్రాంత మహిళలు 2000లో సొంత డెయిరీ పెట్టుకుని, 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతున్నారు. పితికిన పాలు వెచ్చగా ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. ఊరి కేంద్రంలో కొలిచి, వెన్న శాతం చూసి, క్యాన్లు ఎక్కించి, 4 డిగ్రీలకు చల్లబరిచేదాకా ఏ చేయీ ఆగకూడదు. వ్యాను ఆలస్యమైతే పాలు విరుగుతాయి, ఆ నష్టం మళ్లీ బర్రె కాసిన మనిషి మీదే పడుతుంది. పెద్ద కంపెనీలకు ప్రకటనల బలముంది. ఊళ్లవాళ్లు నడిపే డెయిరీ వాటి ఎదుట నిలబడాలంటే రెండు పూటలా ఈ క్రమం తప్పకపోవడమే దారి.

పత్తికీ ఇలాంటి క్రమమే కావాలి. 2025లో సీసీఐ 'కపాస్ కిసాన్' యాప్‌తో స్లాట్ బుకింగ్ తెచ్చింది. యార్డు ముందు బండ్ల బారు తగ్గించడానికి అది అవసరమే. అయితే స్లాట్ దొరికిన రోజున ముసురు పట్టి ఉంటే పత్తి ఆరదు. ఊరికో ఆరబోసే గచ్చు, తేమ చూసుకునే మీటరు ఉంటే రైతు తన పత్తిలో తేమ ఎంత శాతం ఉందో ఇంటి దగ్గరే తెలుసుకుని బండి కడతాడు.