సానరాయికి సాన

బావి చప్టా పక్కన నూరుడుబండను చూసినవాళ్ళకు దాని నడుమ పడిన పల్లం గుర్తుండే ఉంటుంది. ఏళ్ళ తరబడి కొడవళ్ళు, గొడ్డళ్ళు రాసీ రాసీ బండ దోనెలా అరిగిపోతుంది. కొడవలికి దాంతో పేచీ లేదు. అదెలాగూ వంకరే, వాలు చూసుకునేది నూరేవాడి చెయ్యి. మంగలికత్తిని మాత్రం ఆ బండ దరిదాపులకు పోనివ్వకూడదు.

మంగలికత్తికి చేత్తో వాలు పెట్టరు. వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి, వాదర ముందుండేలా తోస్తారు. కోణాన్ని తేల్చేది వెన్ను మందమే. వెన్ను 5 మిల్లీమీటర్లు, అక్కడినుంచి వాదర దాకా 17 మిల్లీమీటర్లు ఉంటే కోణం దాదాపు 17 డిగ్రీలు. కత్తి చేసినవాడు ఆ లెక్కను ఉక్కులోనే పెట్టి పంపుతాడు. మిగతా సగం లెక్క రాయిది. రాయి పల్లం పడితే లెక్క తప్పుతుంది.

అన్ని రాళ్ళూ ఒక్కలా అరగవు. బెల్జియం ఆర్డెన్స్ కొండల్లో వీల్సామ్ ప్రాంతంలో దొరికే పసుపుపచ్చ కోటిక్యూల్ రాయిలో సన్నటి గోమేధిక జాతి స్ఫటికాలు ఉంటాయి. ఉక్కును కోసేవి అవే. అది గట్టి రాయి, నెమ్మదిగా అరుగుతుంది. జపాన్ పద్ధతి కృత్రిమ నీటిరాళ్ళు మెత్తన. పై పొర రాలి కొత్త రేణువులు బయటపడుతుంటేనే అవి చురుగ్గా పనిచేస్తాయి. అంటే వాటి గుణమే వాటి రోగం.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పాత 1000 నంబరు ముతక రాయి మీద గంటసేపు నూరి, కొత్త 8000 రాయి మీద నునుపు పెట్టాను. గడ్డం మీద పెడితే వెంట్రుక తెగలేదు, పీకింది. భూతద్దంలో చూస్తే కొత్త రాయి మెరుపంతా వాదరకు కాస్త వెనకనే ఆగిపోయింది. వాదర మీద 1000 రాయి గీతలు అలాగే ఉన్నాయి. పల్లం రాయి వాదర పక్క చెక్కుడును గుండ్రం చేసింది. చదును రాయి ఆ గుండ్రం మూపును తాకిందే తప్ప కొనను అందుకోలేదు. తప్పు కత్తిది కాదు, అంతకుముందు రాయిది.

పరీక్ష తేలిక. రాయి మీద పెన్సిలుతో గళ్ళు గీసి, తడిపి, చదునైన వజ్రపు రేకుతో రుద్దాలి. అది లేకపోతే మందపాటి గాజుపలక మీద నీటి గరుకు కాగితం పరిచి, దాని మీద రాయిని రుద్దినా సరే. అంచుల గీతలు ముందు పోయి నడుమవి మిగిలాయంటే పల్లం ఉన్నట్టే. అన్ని గీతలూ చెరిగాక మళ్ళీ గీసి ఇంకోసారి చూడాలి. రాయిని అటుదిటు తిప్పుతూ రుద్దకపోతే ఒక వైపే తరుగుతుంది. చదును చేశాక రాయి అంచులు పెళుసుగా తేలతాయి కాబట్టి వాటిని కాస్త వాల్చాలి. చివర్లో బాగా కడగాలి. నున్నటి రాయి మీద ఒక్క ముతక రేణువు మిగిలినా వాదరకు గీత పడుతుంది.

రెండు రాళ్ళను ఒకదానితో ఒకటి రుద్దితే చదును కావా అని అడుగుతారు. కావు. ఒకటి గుంటపడి, రెండోది ఉబ్బి, రెండూ చక్కగా ఇమిడిపోవచ్చు. మూడోదాన్ని తెచ్చి ఒక్కొక్కదాన్నీ మిగతా రెంటితో మార్చి మార్చి సరిచూస్తేనే బండారం బయటపడుతుంది. మూడూ పరస్పరం ఇమడాలంటే మూడూ చదునుగా ఉండక తప్పదు. ఇంగ్లీషు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన ఒక శాస్త్ర సభలో చదివిన వ్యాసంలో ఇనుప పలకలకు చెప్పిన ఉపాయం ఇదే. ఆయన రుద్దమనలేదు, ఎత్తుగా ఉన్నచోట గీకి తీయమన్నాడు. రాళ్ళను మాత్రం రుద్దుకోవచ్చు.

పొదిలో ఒకే ఒక చిన్న రాయి పెట్టుకుని బతుకంతా నెట్టుకొచ్చిన పాత క్షురకుల మాటేమిటి? వాళ్ళ గడ్డాలు నున్నగానే దిగాయి కదా! నా లెక్కలో అక్కడ జరిగింది ఆ రెండు రాళ్ళ కథే: కత్తీ రాయీ ఒకదాని వంపుకు మరొకటి అలవాటుపడ్డాయి. ఆ కత్తిని వేరే రాయి మీద పెడితే తెలిసేది. ఇప్పుడు సెలూన్లలో మనిషికో సగం బ్లేడు వచ్చాక ఆ చిక్కూ లేదు, ఆ రాయీ లేదు.

రాయి మీద పని చేస్తే రాయికీ పని చెయ్యాలన్నది మనకు కొత్త కాదు. తిరగలికి కక్కు కొట్టించుకోని ఇల్లు ఒకప్పుడు ఉండేదా? అక్కడ నునుపెక్కిన రాయిని గరుకు చేసేవాళ్ళం, ఇక్కడ పల్లం పడినదాన్ని మట్టం చేస్తాం. తాతలనాటి సానరాయి మీ అటక మీద ఉంటే కత్తి తియ్యకముందే పెన్సిలు తియ్యండి.