క్షమాపణలో క్షమాపణ యెంత?

2024 నవంబరు 3వ తేదీన చెన్నపట్టణమున జరిగిన యొక సభలో నటి శ్రీమతి కస్తూరిగారు పలికిన పలుకులు తమిళనాటి తెలుగు కుటుంబముల నెంత నొప్పించినవో పాఠకులకు తెలియనిది కాదు. మూడువందల యేండ్ల క్రిందట రాజుల అంతఃపుర స్త్రీలకు సేవచేయ వచ్చినవారు నేడు తాము తమిళులమని చెప్పుకొనుచున్నారని యా మాటల సారాంశము. 5వ తేదీన వారు విచారము తెలుపుచు ప్రకటన వెలువరించిరి. అది మనఃపూర్వకమా, భయపూర్వకమా యని మన యిండ్లలో చాలనాళ్లు చర్చ సాగినది.

ఒకరి మనస్సులో నేమున్నదో మనము చూడజాలము. 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చిత్రమున వారు అన్నమయ్య భార్యగా నటించిరి. ‘ఇంటింటి గృహలక్ష్మి’ ధారావాహికతో మన ఆడువారికి ఇంటిమనిషియే యైరి. తెలుగువారిపై ప్రేమ కలదని వారు వ్రాసినది అబద్ధమని త్రోసివేయుటకు మాకు ఆధారము లేదు. అయితే ప్రకటన మన యెదుట నున్నది, దానిని చదువవచ్చును. బ్రతుకంతయు కచేరీలో అర్జీలను, సంజాయిషీలను చదివిన కన్నులు మావి. కాగితములో నున్నదాని కంటె లేనిదానిని ముందు వెదకుట మా కలవాటు.

కొందరు వ్యక్తులనే అంటిని గాని తెలుగుజాతిని గాదని యందు వివరణ కలదు. అనుకోకుండ కలిగిన నొప్పికి విచారము కలదు. ప్రసంగములోని తెలుగు ప్రస్తావనల నన్నిటిని ఉపసంహరించుకొనుటయు కలదు. ఈ వివాదమువలన తాము చెప్పిన ముఖ్యవిషయములు మరుగుపడినవను మాటయు చేర్చిరి. ఆ వాక్యము లేకున్న నెంత బాగుండెడిది! మన్నింపుడనుచునే, మీ గోలలో నా మాట వినబడలేదనినట్లు తోచును.

ఉపసంహరణ యన నేమి? పంపిన ఉత్తరమును వెనుకకు తీసికొన్నంత మాత్రమున అందలి సంగతి తప్పని వ్రాసియిచ్చినట్లు కాదు. ‘తెలుగు’ అను పదమును తీసివేసిన పిమ్మట ఆ వాక్యమున మిగిలినవారెవరు? అంతఃపుర స్త్రీలు, వారి పరిచారికలు. వారిపై చులకన చెక్కుచెదరలేదు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము నవంబరు 14న ముందస్తు బెయిలు నిరాకరించుచు ఈ లోపమునే పట్టినది: ప్రకటనలో సమర్థనయే గాని, తెలుగు స్త్రీలను గూర్చి యాడిన మాటకు క్షమాపణ కానరాదనినది. 16న హైదరాబాదులో వారిని నిర్బంధించిరి. 20న బెయిలు లభించినది. నోటిమాటకై అంతదూరము పోలీసులు పోవలసినదా యను సందేహము మాకు కలదు. చెరసాల వలన పుట్టు క్షమాపణ మన కెందులకు?

ఇక మనవారి సమాధానములు. విశ్వనాథనాయకుడు, తిరుమలనాయకుని మహలు, కరిసల్ భూములను దున్నిన రైతులు — ఇవన్నియు నిజములే. తెలుగువారి రాక మూడువందల యేండ్లకు చాల ముందటిదనుటయు నిజమే. కాని కొందరు, మేమట్టి స్త్రీల వెంట వచ్చినవారము గామని రొమ్ము చరచుకొనిరి. ఆ స్త్రీలు నీచులని ఒప్పుకొననిదే ఆ జవాబు పొసగదు. తంజావూరు విజయరాఘవనాయకుని కొలువున ‘మన్నారుదాసవిలాసము’ రచించిన రంగాజమ్మ యెవరు? ప్రతాపసింహుని కొలువున ‘రాధికాసాంత్వనము’ వ్రాసిన ముద్దుపళని యెవరు? ఆ కావ్యమును 1910లో మరల ప్రకటించి, దొరల ప్రభుత్వముచే నిషేధము తెచ్చుకొన్న బెంగుళూరు నాగరత్నమ్మయు అట్టి వంశముననే పుట్టినది. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిపై సొంత సొమ్ముతో ఆలయము కట్టించినదియు నామెయే. పుష్య బహుళ పంచమినాడు పంచరత్న కీర్తనలు పాడునది ఆ సన్నిధిలోనే.

5వ తేదీ ప్రకటనలో వీరికొక్క మాటయు లేదు. మన సభలలో చేసిన తీర్మానములలోనైనను ఉన్నదేమో, కాగితములు తీసి చూడవలయును.