కొంగలు చేశాక ఎక్కడికి?

విరాళాల కోసం కాగితపు కొంగలు చేద్దామని అమెరికాలోని మా ఊరు కాపెల్‌లో ఎవరు పిలిచినా సంతోషంగా వెళ్తాను. వెళ్లగానే ఒకటి అడుగుతాను: చేశాక వీటిని ఎక్కడికి పంపుతాం?

జపాన్‌లో పెద్ద విపత్తు వచ్చినప్పుడు కొంగల దండలు కట్టలుకట్టలుగా సహాయ శిబిరాలకు చేరతాయి. నీళ్లూ దుప్పట్లూ పెట్టుకోవడానికే చోటు చాలనివాళ్లు వాటినెక్కడ దాచాలి? పారేయడానికి చేతులు రావు. ఈ ఇబ్బంది గురించి అక్కడివాళ్లే బాహాటంగా చెబుతున్నారు.

2011 సునామీ తర్వాత అమెరికాలో స్టూడెంట్స్ రీబిల్డ్ అనే కార్యక్రమం చేసిన పని నాకు అందుకే నచ్చింది. పిల్లలు కొంగలు చేసి తమకు పంపాలి. లక్ష కొంగల దాకా ఒక్కోదానికి 2 డాలర్ల లెక్కన బెజోస్ ఫ్యామిలీ ఫౌండేషన్ ఇస్తానంది. లక్ష వస్తే చాలనుకున్నారు, 20 లక్షలు దాటాయి. డబ్బు జపాన్ పునర్నిర్మాణానికి వెళ్లింది. కొంగలు చిత్రకారుడు విక్ మునిజ్ చేతికి వెళ్లాయి. జేబులో డాలరు లేని పిల్లలూ దాతలయ్యారు.

ఈ కొంగలు లోకానికి బాగా తెలిసింది సడాకో ససాకి వల్ల. హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు రెండేళ్ల పిల్ల. 1955లో లుకేమియాతో ఆసుపత్రిలో ఉండి మందుల పొట్లాల కాగితాలతో కూడా కొంగలు చేసింది. ఆ అక్టోబరులోనే, పన్నెండేళ్లకు, చనిపోయింది. తోటి పిల్లలు చందాలు పోగుచేయగా 1958లో వెలసిన స్మారకానికి ఇప్పుడు ఏటా కోటి దాకా కొంగలు వస్తాయి. హిరోషిమాలో వాటిని తిరిగి కాగితంగా మార్చి వాడుతున్నారు.

కొంగ చేసే పనిలో అసలు చిక్కు మధ్యలో ఉంది. చదరపు కాగితం మొదటి మడతలు ఎవరికైనా వస్తాయి. పై పొరను ఎత్తి, రెండు అంచులూ లోపలికి నొక్కి, పొడవుగా సాగదీసే మడత దగ్గర పిల్లలు ఆగిపోతారు. అప్పుడు పక్కనున్న అమ్మమ్మ వేలు అందుకుంటుంది. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన పెద్దలకు ఇక్కడ కారు నడపడం రాదు, పగలంతా ఇల్లు ఖాళీ. ఈ బల్ల దగ్గర మాత్రం, పెళ్లింటి అరుగు మీద విస్తళ్లు కుడుతున్నట్టు, చేతులు పనిచేస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. తెలుగు సరిగా రాని మనవడు కూడా "ఇటా, అటా అమ్మమ్మా?" అని అడుగుతాడు. విరాళం ఎంత పోగైనా, నాకు ఈ గంట దానికంటే తక్కువ కాదు.

అయినా కొంగకు ఎంత, ఇచ్చేదెవరు, అందేదెవరికి అన్నది కాగితాలు కొనకముందే తేల్చుకోవాలి. కొంగలు మాత్రం ఊళ్లోనే ఉండాలి. నలభై కొంగలకో దండ చొప్పున ఇరవై అయిదు దండలైతే వెయ్యి. చందా ఇచ్చిన ఇంటికో దండ ఇచ్చేయవచ్చు.