మూకుడు ముందు సెల్‌ఫోను

చిన్న వ్యాపారస్థుడు తన సరుకును గూర్చి నలుగురికి చాటుకొనుటకు పూర్వము దండోరావానినో, గోడలమీద వ్రాయు పెయింటరునో, సినిమాహాలులో విరామవేళ వేయు స్లయిడునో ఆశ్రయించెడివాడు. ఇప్పుడు వాని జేబులోని సెల్‌ఫోనే దండోరాయు, గోడయు, సినిమాహాలును అయి కూర్చున్నది. ఐనను పశ్చిమబెంగాల్ ఖరగ్‌పూరులోని ట్రాఫిక్ అను పేటలో ఉన్న మన తెలుగు దుకాణదారులు ఆ ఫోనుతో చేయుచున్న ప్రచారమును కొంతకాలముగా శ్రద్ధతో గమనించుచున్న నాకు, వారు లోకమంతయు గాలించి తమ కొట్టును మాత్రము చూడ మరచుచున్నారని తోచుచున్నది.

దోసెలమ్మువాడు ఏ చెన్నపట్టణపు హోటలువారిదో యగు దోసెబొమ్మను ఇంటర్నెట్టునుండి దింపుకొని దానిక్రింద తన నంబరు వేయును. దర్జీ తాను కుట్టిన రవికెను వదలి, సినిమాతార తొడిగిన రవికెను పెట్టును. పండుగ వచ్చినదా, నల్లకళ్ళద్దములు ధరించిన యజమాని చేతులు జోడించి నడుమ నిలువగా, దేవుడు ఆయనకంటె కొంచెము చిన్న పరిమాణములో ఒక మూలను వెలసి, ఇరువురును కలిసి పురజనులకు శుభాకాంక్షలు తెలుపుదురు. ఇందువలన ఒక్క ఇడ్లీయైన అధికముగా అమ్ముడుపోయెనా యని ఒక మిత్రుని అడుగగా, "అందరూ పెడతన్నారు కదండీ, మనం పెట్టకపోతే బాగుండదని" అని ఆయన సమాధానము చెప్పెను.

ఈ పేట చరిత్ర నెరుగని పాఠకులకొరకు రెండు మాటలు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడి, ఆ శతాబ్దము ముగియులోపల ఖరగ్‌పూరునకు పట్టాలు పరచి, పిదప కార్ఖానాను నెలకొల్పినప్పుడు, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి కూలికిని కొలువునకును తరలివచ్చిన తెలుగువారి మనుమలును మునిమనుమలును నేడు ట్రాఫిక్, నిమ్‌పురా, మథురాకాటి, మలంచ మొదలగు పేటలలో నివసించుచున్నారు. రైలుకొలువు దక్కినవారికి దక్కినది. దక్కనివారు టిఫిను బండియో, కుట్టుమిషనో, కిరాణాకొట్టో పెట్టుకొని, బెంగాలీతో బెంగాలీలోను, బీహారీతో హిందీలోను, ఒడియావానితో ఒడియాలోను బేరమాడుచు, లెక్కమాత్రము తెలుగులో చూచుకొనుచున్నారు. పశ్చిమబెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నంగీకరించిన వార్త ఇచట పండుగవలె వినబడినమాట నిజమేగాని, ఇక్కడి పిల్లలలో తెలుగు మాటలాడువారనేకులు తెలుగు చదువలేరనుట అంతకంటెను నిజము. ప్రచారము చేయబూనినవాడు ముందుగా గ్రహింపవలసిన విషయమిది. అక్షరము చేరనిచోటికి గొంతు చేరును.

ఆ గొంతు చేరిన విధమును నేను ఒక చిన్న టిఫిను కొట్టులో చూచితిని. యజమాని పేరుగాని కొట్టు పేరుగాని చెప్పను, కారణము ముందు తెలియును. అచట గారెలు వేయు నడివయస్సు ఆవిడ యొకతె. రుబ్బిన మినప్పిండిని తడిచేతితో తీసి, అరటాకు ముక్కమీద గుండ్రముగా తట్టి, బొటనవ్రేలితో నడుమ చిల్లిపెట్టి, ఆకును మూకుడు అంచువరకు వంచి, గారె తనంతట తానే నూనెలోనికి జారునట్లు విడుచును. చిటికెడు పిండి వేసి నూనె కాగినదో లేదో చూచుట మొదలు జల్లిగరిటెతో తిరుగవేయుటవరకు ఆవిడ నోరు ఊరకుండదు. "పిండి జారైపోతే నూనె తాగేత్తాది బాబూ, నీల్లు సూసి పోయాల" అనును. మధ్యలో మాత పూజలలో పాడుకొను అమ్మవారి పాట యొక చరణము కూనిరాగముగా తీయును. అంతలో బెంగాలీ బాబు వచ్చినచో అదే ఊపులో వారి భాషలో ఎన్ని ప్లేట్లని యడుగును. చిల్లర యిచ్చు కుర్రవాడొకడు, బల్లలు తుడుచుటకు కుదిరినవాడు, ఒకనాడు ఏమియు తోచక తన ఫోనులో ఆ దృశ్యమును తీసి కొట్టు పేరిట పెట్టెను. వెనుక సినిమాపాట లేదు, మీద రంగురంగుల అక్షరములు లేవు. నూనె చిటపట, ఆవిడ మాట, దూరమున రైలుకూత, ఇంతే.

యజమాని యొక్క నల్లకళ్ళద్దముల శుభాకాంక్షలకు రాని జనము దీనికి వచ్చిరి. వచ్చినవారిలో సగము ఈ ఊరివారే కారు. హైదరాబాదులోను బెంగుళూరులోను కంప్యూటరుకొలువులు చేసికొనుచు, తల్లిదండ్రులను ట్రాఫిక్ క్వార్టర్లలోనో, పింఛను పుచ్చుకొన్న పిమ్మట మలంచలో కట్టుకొన్న యింటిలోనో విడిచిన కొడుకులును కూతుళ్ళును ఆ గొంతులో తమ మేనత్తను, తమ పొరుగింటావిడను గుర్తుపట్టిరి. "మా అమ్మకి ఒక ప్లేటు పంపండి, డబ్బులు ఇక్కడినుంచి వేస్తాను" అని మొదటి కబురు బెంగుళూరునుండి వచ్చిననాడు యజమాని నమ్మలేదట. డబ్బు ఫోనులో పడినది, పొట్లము రెండువీధుల అవతలి ముసలమ్మకు చేరినది. తినువారొక ఊర, చెల్లించువారొక ఊర ఉండు ఈ బేరము వలసపోయిన ఊళ్ళకే తగినది. మన శ్రీకాకుళము పల్లెలవారును ఆలోచింపదగినది.

సాంకేతికవిషయములు నాకంటె మీ యింటి పిల్లలకే బాగుగా తెలియును గనుక త్వరగా ముగించెదను. వాట్సాప్ స్టేటస్ ఇరువదినాలుగు గంటలలో మాసిపోవును గనుక, సాయంకాలపు టిఫినును గూర్చి కార్ఖానా వదలుటకు కొంచెము ముందు పెట్టవలెనుగాని అర్ధరాత్రి కాదు. బ్రాడ్‌కాస్టు జాబితాలో 256 మందికి మించి చేర్పవీలుకాదు. అందులోను మీ నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే కబురు చేరును గనుక, కొట్టుకు వచ్చినవానిచేత నంబరు దాచిపించుటయే సగము ప్రచారము. 2020 జూన్ చివర టిక్‌టాక్ నిషేధింపబడిన కొలదిదినములకే మనదేశములో ఇన్‌స్టాగ్రామ్‌వారు రీల్స్ ప్రవేశపెట్టిరి. అందు వ్యాపారఖాతా తెరచినవానికి సినిమాపాటలు అన్నియు వాడుకొను వీలుండదు. మన గారెలావిడవంటివారు కొట్టులో ఉన్నవానికి ఆ కొరత తెలియనే తెలియదు.

పనివాని ప్రతిభవలన పనియిచ్చినవానికి పేరు వచ్చుట ఈ ఊరికి క్రొత్త గాదు. రైలుశాఖ ఎన్నియో దశాబ్దములుగా ఆటగాండ్రకు ఆటను చూచియే కొలువులిచ్చుచున్నది. వారు పగలు విధి నిర్వహించి, సాయంకాలము శాఖ పేరిట మైదానములో దిగుదురు. అట్లు 2001 మొదలు 2003 వరకు ఇచట టిక్కెట్లు తనిఖీ చేసిన రాంచీ యువకుడు మహేంద్రసింగ్ ధోనీ. ఒకనాడు ప్రపంచములోకెల్ల పొడవైనదని పేరుపొందిన, 1072 మీటర్లకు పైబడిన మన ప్లాట్‌ఫారమును అటుపిమ్మట గోరఖ్‌పూరును, 2023లో హుబ్బళ్ళియు మించిపోయినవి. కాని ధోనీ యిచట నడచెనను మాటను మించగల ఊరు లేదు. 2016లో వెలువడిన అతని జీవితచిత్రమునకు ఈ స్టేషనులోనే కొంత చిత్రీకరణము జరిగినది. శాఖవారు లక్షలు వ్యయపరచి వేయించిన ఏ ప్రకటనయు ఖరగ్‌పూరునకు అంత కీర్తి తెచ్చియుండదని నా నమ్మకము. ఇందొక సూక్ష్మమున్నది. ఆ శాఖ ఆటగానికి ఆటకై వేళనిచ్చినది. బ్యాటు పట్టుటయు కొలువులో భాగమేయని లెక్కవేసినది. మన దుకాణదారులు ఈ లెక్కను ఇంకను నేర్వలేదు.

ప్రచారకళలో తెలుగువారు వెనుకబడినవారని యెవరైన అనినచో నేనొప్పుకొనను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించి, ఎవరికిని తెలియని ఆ లేపనమును సంగీతసభలకు వచ్చినవారికి ఉచితముగా పంచిపెట్టిరని చెప్పుదురు. రాత్రి పొద్దుపోవువరకు కచ్చేరి వినువారికి తలనొప్పి రాకతప్పదనియు, తలనొప్పి తగ్గినవాడు మరునాడు పదిమందితో చెప్పక మానడనియు ఆయన గ్రహించెను. ఆ అమృతాంజనపు రాబడితోనే 1908లో ఆంధ్రపత్రిక వెలసినది. జనము ఎచట గుమిగూడుదురో అచటికి సరుకును కొనిపోవుట ఆయన సూత్రము. నేడు జనము ఫోనులో గుమిగూడుచున్నారు. అంతవరకు పంతులుగారి శిష్యులము కావచ్చును.

కాని గుమిగూడిన జనమును భరించు సిద్ధపాటు లేనివానికి కీర్తి కూడ కష్టమే. హైదరాబాదు మాదాపూరులో వీధిప్రక్కన భోజనము వడ్డించు కుమారి ఆంటీ వీడియోలు దేశమంతట ప్రాకి, 2024 జనవరి చివర జనమును వాహనములును దారిని క్రమ్మివేయగా పోలీసులు బండి తీయుమనిరి; తుదకు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు కల్పించుకొని ఆమె ఉన్నచోటనే ఉండవచ్చునని ఆదేశింపవలసివచ్చినది. మన ట్రాఫిక్ సందులలో నాలుగు స్కూటర్లు నిలిచినచో అయిదవది కదలదు. నలువది ప్లేట్లు వేయగల మూకుడు పెట్టుకొని నాలుగువందలమందిని పిలుచుట ప్రచారము కాదు, అప్రతిష్ఠను కొనితెచ్చుకొనుట.

ఇక యజమాని పేరు చెప్పననుటకు కారణము. గారెల వీడియో ప్రసిద్ధిచెందిన పిమ్మట ఆయన ఆవిడచేత దినమునకొకటి తీయింప మొదలుపెట్టెను. జీతము పెరుగలేదు, పని పెరిగినది. వీడియోక్రింద కొట్టు పేరున్నది, ఆవిడ పేరు లేదు. తీసిన కుర్రవాని మాట చెప్పనక్కరయే లేదు. కొన్నినెలలకు వేరొక పేటలోని హోటలువారు ఆవిడకు జీతము పెంచెదమని పిలువగా వెళ్ళిపోయినది. గొంతుకై వచ్చిన గిరాకీ గొంతువెంటనే పోయినది. "తిండి పెట్టిన కొట్టునే ముంచేసింది చూడండి" అని ఆయన నాతో వాపోయెను. నేను ఆయనతో ఏకీభవింపలేదు, ఇప్పుడును ఏకీభవింపను. ఆయన ఆవిడకు జీతమిచ్చినది గారెలకు. పాటకు కాదు, మాటకు కాదు, ముఖమునకు అసలే కాదు. కొలువులో భాగముగా చేసిన రచనకు, వేరు ఒడంబడిక లేనిచో, యజమానియే హక్కుదారుడగునని 1957 నాటి కాపీరైటు చట్టము పదునేడవ సెక్షను చెప్పుచున్నది గాని, వంటకై కుదిరినవారు పాడిన పాట వంటపని క్రిందికి వచ్చునా యనుట వాదమునకు తావిచ్చును. పైగా అదే చట్టము ప్రదర్శకులకు వేరుగా హక్కులు కల్పించియున్నది. ట్రాఫిక్ టిఫిను కొట్టు విషయము కోర్టుకెక్కదని నేనెరుగుదును. ఐనను చట్టము సైతము శంకించుచోట మన దుకాణదారుడు నిశ్శంకగా ఉండుట నాకు వింతగా తోచును.

మాత పూజలు మరల రానున్నవి. ఎక్కడెక్కడి పిల్లలును సెలవులు పెట్టుకొని ఖరగ్‌పూరు చేరుదురు. ప్రతి కొట్టును ఏదో యొక వీడియో పెట్టక మానదు. దుకాణదారులకు నా విన్నపము: ఫోను తీయుటకు ముందు, మీ పనివారిలో ఎవరికి పాడుట వచ్చునో, ఎవరికి బొమ్మలు వేయుట వచ్చునో, ఎవరు నవ్వింపగలరో ఒక పూట కూర్చుండి అడిగి తెలిసికొనుడు. వారికిష్టమైననే తీయుడు, ఇష్టము లేదనినచో బలవంతపెట్టకుడు. తీసినదానిక్రింద వారి పేరు వేయుడు. ఆ పనికి పట్టిన గంటను జీతములో లెక్కకట్టి, పెరిగిన గిరాకీలో ఏదో యొక వాటాను నెలాఖరున వారి చేతిలో పెట్టుడు. నేను చెప్పిన యజమాని మాత్రము ఇప్పుడు గారెలు వేయుటకు మనిషికొరకు వెదకుచున్నాడు. ఎవరైన ఉన్నచో చెప్పుమని నన్నడిగెను. జీతమెంతయో, వీడియోకు వేరుగా ఎంతయో ముందు చెప్పినచో వెదకి పెట్టెదనంటిని.